అనంతగిరి గుట్టల్లో ఆదివారపు సైకిల్ సవారీ: కొన్నేళ్లు తిరిగాక నా అభిప్రాయం

హైదరాబాదు నుంచి చేవెళ్ల మీదుగా వికారాబాదు చేరే దారి, మూసీ పుట్టిన అనంతగిరి అడవి, అనంత పద్మనాభస్వామి గుడి, ఓపిక మిగిలితే కోట్‌పల్లి జలాశయం వరకు పొడిగింపు, ఇవన్నీ ఇక్కడి సైకిలిస్టులకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. ఇంతకాలంగా నేను ఒకే బృందంతో తిరుగుతున్నానంటే దానికి కారణం ఒక్కటే: వెనుకబడినవారిని వదిలి ముందుకు పోకూడదన్న నియమాన్ని వీళ్లు నిజంగా పాటిస్తారు.

ఈ మాట చెప్పని బృందం ఉండదు. నేను మొదట్లో వెళ్లిన ఒక బృందం కూడా చడావు పైన ఆగి చూసేది. అయితే చివరి మనిషి ఆయాసపడుతూ పైకి చేరగానే, అప్పటికే చల్లబడి కూర్చున్నవాళ్లంతా లేచి బయలుదేరేవారు. అంటే అందరికంటే ఎక్కువ అలసిన మనిషికే విశ్రాంతి దొరికేది కాదు. ఇప్పటి బృందంలో చివరివారు దిగి, నీళ్లు తాగి, తమంతట తాము ‘పదండి’ అన్న తరువాతే చక్రం కదులుతుంది. వారి వెనుక స్వీప్‌గా ఒకరు తప్పకుండా ఉంటారు. దారి చీలే ప్రతిచోటా ముందువాళ్లలో ఒకరు ఆగి ఉంటారు. మోకాళ్లు సహకరించని నాలాంటివారికి ఇరవై నాలుగు గేర్ల కంటే ఈ పద్ధతే ఎక్కువ పనికొచ్చింది.

వర్షాకాలం చివర ఒక ఆదివారం ఈ నియమానికి అసలు పరీక్ష ఎదురైంది. వికారాబాదు దాటి గుట్ట ఎక్కుతున్నప్పుడు అన్నిటికంటే తేలిక గేరుకు మార్చగానే చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి మార్చే వెనుక డిరైలర్ చక్రం చువ్వల్లోకి వెళ్లి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ పుటుక్కున విరిగింది. దెబ్బ తగిలితే ఫ్రేముకు బదులు తానే విరగాలని ఆ ముక్కను కావాలనే మెత్తటి అల్యూమినియంతో చేస్తారు. అందులో తప్పేమీ లేదు కానీ, ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారంలో ఉంటుంది కనుక పక్కవారి దగ్గర ఉన్నది మనకు సరిపోవడం దాదాపు అసాధ్యం. ఆ రోజు స్వీప్‌గా ఉన్నది కాలేజీలో చదువుతున్న ఒక అమ్మాయి. “అంకుల్, సైకిల్ తలకిందులుగా నిలబెట్టండి, ఇంటికి చేరేంత మటుకు చేద్దాం” అంటూ డిరైలర్ విప్పేసి, చైన్ టూల్‌తో కొన్ని లింకులు తీసేసి, ముందు చిన్న పళ్లచక్రానికీ వెనుక దానికి సూటిగా ఉన్న నడిమి చక్రానికీ చైన్ బిగించి, దాన్ని ఒకే గేరు సైకిల్‌గా మార్చింది. ఈలోగా పైకి చేరుకున్నవాళ్లు, కష్టపడి ఎక్కిన గుట్టను దిగి వెనక్కి వచ్చారు. కోట్‌పల్లి ఊసు ఎవరూ ఎత్తలేదు. తిరుగు దారిలో చైన్ మాటిమాటికీ పెద్ద పళ్లచక్రం మీదికి ఎగబాకి బిగుసుకుపోయేది. దాన్ని దించడానికి నేను ఆగిన ప్రతిసారీ నాతో పాటు మరో ఇద్దరు ఆగారు, చిన్న చడావుల దగ్గర నేను నడిస్తే వాళ్లూ సైకిళ్లు దిగి నడిచారు. సరైన హ్యాంగర్ దొరకడానికి కొన్ని వారాలు పట్టింది. అప్పటినుంచి ఒకటి అదనంగా సీటు కింది సంచిలో ఉంచుకుంటున్నాను. గేర్ల సైకిల్ ఉన్న ప్రతివారూ ఉంచుకోవాలి.

ఇంత పొగిడాను కానీ, బృందం పెరిగిన తరువాత ఈ నియమం మునుపటంత సాఫీగా సాగడం లేదు. పదిమంది ఉన్నప్పుడు నిరీక్షణ కబుర్లతో గడిచిపోయేది. ఇప్పుడు శీతాకాలపు ఉదయాల్లో గుట్ట పైన ఆగితే చెమట ఆరి వణుకు పుడుతోంది, వేసవిలోనైతే ఆ ఆలస్యమంతా తిరుగు దారిలో ఎండగా మారి నెత్తిమీద పడుతోంది. బాగా తొక్కగలిగినవారు కొందరు మర్యాదగానే వేరే రోజులకు మారిపోయారు, వారిని తప్పు పట్టలేను. పైగా ఎక్కేటప్పుడున్న ఈ శ్రద్ధ దిగేటప్పుడు కనిపించదు. ఆదివారాల్లో అనంతగిరి మలుపుల్లో కార్ల రద్దీ, గుడి సమీపంలో కోతుల గుంపులు ఉంటాయని తెలిసీ వేగంగా దిగేవారిని ఆపే నియమం ఏదీ ఇంతవరకు పెట్టలేదు. నిర్వాహకులకు ఈ సంగతి చెప్పాను, విన్నారు, అంతవరకే.

నా వయస్సు యాభై దాటింది, ఆదివారం మధ్యాహ్నం లోపు ఇంటికి చేరాలన్న ఒత్తిడి నాకు లేదు, సైకిల్‌ను వికారాబాదు దాకా కారులో తీసుకెళ్లే వీలు ఉంది. ఈ మూడూ కుదిరినవారికి ఈ సవారీ నచ్చవచ్చు. సగటు వేగం లెక్క చూసుకునేవారు, భోజనం వేళకు పిల్లలు ఎదురుచూసే ఇంటివారు మాత్రం ఒకటి రెండు వారాలు వచ్చి చూశాకే నిర్ణయించుకోవడం మంచిది. నేనైతే వచ్చే చలికాలం వరకు కొనసాగుతాను, బృందం ఇంకా పెరిగితే అప్పుడు ఆలోచిస్తాను.