లివర్‌పూల్‌లో బీటిల్స్ ఊరు: డబ్బు ఎక్కడ పెట్టాలి, కాళ్లు ఎక్కడ వాడాలి

లివర్‌పూల్ అనుకోగానే అందరూ ముందు హోటల్ వెతుకుతారు. బీటిల్స్ కోసమే వెళ్లేవాళ్లు మాత్రం నేషనల్ ట్రస్ట్ (చారిత్రక కట్టడాలను చూసుకునే సంస్థ) వాళ్ల వ్యాన్ టూర్ ఏ రోజు ఖాళీ ఉందో చూసుకుని, రైలూ గదీ ఆ తేదీని బట్టి తీసుకోవాలి. జాన్ లెనన్ పెరిగిన ‘మెండిప్స్’ (251, మెన్‌లవ్ అవెన్యూ), పాల్ మెకార్ట్నీ వాళ్లు ఉన్న 20, ఫోర్త్‌లిన్ రోడ్డు ఇల్లు లోపల చూడాలంటే మామూలు యాత్రికుడికి అదొక్కటే దారి. సొంతంగా వెళ్తే గేటు బయట ఫొటో దిగి తిరిగి రావాల్సిందే. వ్యానులో సీట్లు కొద్ది, చలికాలంలో ఇళ్లు మూసేస్తారు. లోపల ఫొటోలకు ఒప్పుకోరు, సంచులు పక్కన పెట్టేయమంటారు. మొత్తం రెండున్నర గంటల పని. బయలుదేరే చోటు అప్పుడప్పుడూ మారుతుంటుంది. టికెట్‌లో ఏముందో చదవకుండా అలవాటు కొద్దీ ఊరి పాత రేవు ఆల్బర్ట్ డాక్‌లో వెళ్లి నిలబడితే వ్యాను వెళ్లిపోతుంది.

ఈ టికెట్‌కు పెట్టే ప్రతి పౌండూ గిట్టుబాటే. బ్యాండులో శ్రామికవర్గపు గొంతు జాన్‌దేనని చాలామంది అభిమానుల నమ్మకం. తీరా చూస్తే అతణ్ని పెంచిన మిమీ పెద్దమ్మ ఇల్లు రంగుటద్దాల కిటికీలతో, ముందు తోటతో పొందిగ్గా ఉండే మధ్యతరగతి ఇల్లు. పాల్‌ది వరసలో ఒకటిగా కట్టిన కౌన్సిల్ ఇల్లు, అంటే స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చేది. వెంటవెంటనే చూస్తే ఆ తేడా కళ్లకు కడుతుంది. గిటార్ల గోల భరించలేక మిమీ కుర్రాళ్లను తోసేసిన అద్దాల వరండా ఇంకా అలాగే ఉంది. ఫోర్త్‌లిన్ రోడ్డు ముందుగదిలో జాన్, పాల్ ఎదురెదురుగా కూర్చుని పాటలు కట్టేవారు. పాల్ తమ్ముడు మైక్ అప్పట్లో తీసిన ఫొటోలు ఆ గోడల మీదే ఉంటాయి. ఫొటోలోని మూలా, మనం నిలబడ్డ మూలా ఒకటే.

ఆల్బర్ట్ డాక్ నుంచి బయలుదేరే రంగురంగుల ‘మ్యాజికల్ మిస్టరీ టూర్’ బస్సు వేరు. రెండు గంటల్లో నలుగురి ఇళ్ల పరిసరాలు, పాటలకెక్కిన పెన్నీ లేన్, స్ట్రాబెర్రీ ఫీల్డ్ తిప్పి చూపించి కావర్న్ క్లబ్ ఉన్న మాథ్యూ స్ట్రీట్ దగ్గర దింపుతుంది. పాటలు వేస్తారు, గైడ్లు మాటకారులు. కానీ ఏ ఇంట్లోకీ తీసుకెళ్లరు, ఆగిన చోటల్లా కొద్ది నిమిషాలే. ఒక్క పూటే ఉన్నవాళ్లకు, పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉన్నవాళ్లకు ఇది చాలు. ఇళ్ల టూర్ తీసుకున్నవాళ్లు దీన్ని వదిలేసి మిగతాది నడిచి చూడటం మేలు.

పెన్నీ లేన్ చూడాలంటే సిటీ నుంచి 86 నంబరు బస్సు ఎక్కి స్మిత్‌డౌన్ ప్లేస్ దగ్గర దిగాలి. పెన్నీ లేన్ అని ఫోన్‌లో కొడితే ఆ వీధి ఇంకో చివరకు తీసుకెళ్లే ప్రమాదం ఉంది. అక్కడ చెట్లూ ఇళ్లే తప్ప ఏమీ ఉండదు. పాటలో ఉన్న మంగలి షాపు, బ్యాంకు మూల, రోడ్ల నడుమ షెల్టర్ అన్నీ స్మిత్‌డౌన్ వైపే. ఫైర్ స్టేషన్ మాత్రం అక్కడ వెతక్కండి, అది దూరంగా మేదర్ అవెన్యూలో ఉంది.

అక్కడి నుంచి మెన్‌లవ్ అవెన్యూ పట్టుకుని నడిస్తే అరగంట పైచిలుకులో బీకన్స్‌ఫీల్డ్ రోడ్డులోని స్ట్రాబెర్రీ ఫీల్డ్ వస్తుంది. సాల్వేషన్ ఆర్మీ వాళ్ల పిల్లల హోమ్ ఇది. 2005లో మూతపడింది, 2019లో తోట, ప్రదర్శన, కెఫేతో జనానికి తెరిచారు. రోడ్డు మీద అందరూ ఫొటో దిగే ఎర్ర గేటు నకలు, అసలుది లోపల తోటలో ఉంది.

ఇంకాస్త ఎత్తెక్కితే వూల్టన్‌లో సెయింట్ పీటర్స్ చర్చి. 1957 జూలై 6న చర్చి జాతరలో జాన్ తన అప్పటి బ్యాండు క్వారీమెన్‌తో వాయించాడు, ఆ రోజే ఎదుటి హాల్లో పాల్ పరిచయమయ్యాడు. చర్చి వెనక 1939లో పోయిన ఎలినార్ రిగ్బీ సమాధిరాయి ఉంది, బీటిల్స్ పాటలో ఉన్నదీ ఇదే పేరు. టికెట్ లేదు, రద్దీ లేదు. ఇది ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చోటు, కాబట్టి ఆదివారం పొద్దున్న వెళ్లకపోవడం మర్యాద.

కావర్న్ క్లబ్ గురించి భ్రమలు వద్దు. బీటిల్స్ వాయించిన నేలమాళిగ 1973లో పోయింది. ఇప్పుడున్నది 1984లో, పాత ఇటుకల్లో కొన్నిటిని వాడి, చాలావరకు పాత స్థలంలోనే మళ్లీ కట్టింది. ఎదురుగా ఉన్న కావర్న్ పబ్ వేరే, చాలామంది అందులో కూర్చుని క్లబ్ చూసేశామనుకుంటారు. క్లబ్‌కు పగలు వెళ్తే మెట్లు దిగి పాటగాడి ముందు కూర్చోవచ్చు. శనివారం రాత్రి తాగిన గుంపుల మధ్య పాట వినపడటమే కష్టం.

మ్యూజియంలు రెండూ చూడనక్కర్లేదు, ఒకటి చాలు. ఆల్బర్ట్ డాక్‌లోని ‘ది బీటిల్స్ స్టోరీ’ కథ తెలియనివాళ్లకు బాగుంటుంది: ఆడియో గైడ్, సెట్టింగులు. తెలిసినవాళ్లు మాథ్యూ స్ట్రీట్‌లోని లివర్‌పూల్ బీటిల్స్ మ్యూజియానికి వెళ్లాలి, అక్కడ అసలు వస్తువులు ఎక్కువ. వెస్ట్ డర్బీలోని కాస్బా కాఫీ క్లబ్ అంతకన్నా మంచిది. బీటిల్స్ తొలినాళ్ల డ్రమ్మర్ పీట్ బెస్ట్ తల్లి మోనా 1959లో తన ఇంటి నేలమాళిగలో తెరిచిన క్లబ్ అది, కుర్రాళ్లు రంగులు వేసిన పైకప్పులు ఇంకా ఉన్నాయి. ముందుగా బుక్ చేసుకునే వెళ్లాలి.

బసకు ‘హార్డ్ డేస్ నైట్ హోటల్’ పేరు ఊరిస్తుంది. కావర్న్ పక్కనే కావడం దాని సుగుణం, రాత్రి గోలకు కారణం కూడా అదే. వారాంతమైతే వీధి వైపు గది వద్దనండి. నిద్ర ముఖ్యమైతే హోప్ స్ట్రీట్ చుట్టుపక్కల చూసుకోవచ్చు. శాకాహారులకు బోల్డ్ స్ట్రీట్‌లో ఇబ్బంది లేదు. ఏప్రిల్‌లో గుర్రప్పందేలకు, ఆగస్టు చివర బీటిల్‌వీక్ అనే బీటిల్స్ ఉత్సవానికి, ఆన్‌ఫీల్డ్ స్టేడియంలో ఫుట్‌బాల్ ఆట ఉన్న రోజులకు గదుల ధరలు ఎగబాకుతాయి. మాంచెస్టర్‌లో చుట్టాలున్నవాళ్లు అక్కడే దిగి రైల్లో వచ్చిపోవచ్చు, గంటలోపే.

లండన్ నుంచి వచ్చేవాళ్లకు యూస్టన్ స్టేషన్‌లో ఎక్కితే లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్ స్టేషన్‌కు రెండుంపావు గంటలు. తిరుగు ప్రయాణంలో ‘ఆబీ రోడ్’ ఆల్బమ్ అట్ట మీది ఆ ప్రసిద్ధ జీబ్రా క్రాసింగ్ చూడాలంటే లండన్ మెట్రో జూబ్లీ లైన్‌లో సెయింట్ జాన్స్ వుడ్ దగ్గర దిగాలి. ‘ఆబీ రోడ్’ పేరుతోనే ఒక స్టేషన్ ఉంది కానీ అది డీఎల్ఆర్ అనే వేరే రైలు మార్గం మీద, తూర్పు లండన్‌లో, ఊరికి ఆ చివర.