ఏ స్టాండు, ఏ వరస: ఫుట్‌బాల్ స్టేడియంలో సీటు ఎంపిక

ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ముందు వరసలో సీటు దొరికిందని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. సినిమా హాల్లో తెర కిందే కూర్చుని మెడ విరుచుకుని చూసినట్టే ఉంటుంది ఆ వ్యవహారం. ఆటగాళ్ల ముఖాలు దగ్గరగా కనిపిస్తాయి, బంతిని తన్నిన చప్పుడూ వినిపిస్తుంది, కాదనను. కానీ మైదానం సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. నేలమట్టం నుంచి చూస్తే అవతలి అంచున ఎవరికి ఎవరెంత దూరంలో ఉన్నారో అంతుపట్టదు. బంతి అటు వెళ్లిందంటే కాళ్ల గుంపే మిగులుతుంది. పైగా ప్రకటనల బోర్డులూ డగౌట్ (కోచ్‌లూ అదనపు ఆటగాళ్లూ కూర్చునే చోటు) పైకప్పూ అడ్డం. వాన పడితే పైకప్పు కింద ఉన్నామన్న ధీమా కూడా పనికిరాదు, చాలాచోట్ల మొదటి కొన్ని వరసలు తడుస్తాయి.

ఆట అర్థం కావాలంటే ఎత్తు కావాలి. నా ఓటు రెండో అంతస్తుకే. అందులో మాత్రం మొదటి వరస వద్దు, రక్షణ కోసం పెట్టిన రెయిలింగు సరిగ్గా కళ్లకెదురుగా వచ్చే ప్రమాదం ఉంది. మూడో వరస నుంచి పైకి చూసుకోండి. కింది అంతస్తులో చివరి వరసలు ఎత్తుగానే ఉన్నా అక్కడ ఇంకో చిక్కు: పైఅంతస్తు నెత్తిమీదికి వాలి ఉంటే గాల్లోకి లేచిన బంతి కాసేపు మాయమవుతుంది, పెద్ద తెర మీద స్కోరూ కనబడదు. టికెట్ కొనేటప్పుడు చూపించే రంగురంగుల పటంలో ఇవేవీ తెలియవు.

మధ్య గీతకు సరిగ్గా ఎదురుగా ఉండే సీట్లకు గిరాకీ ఎక్కువ. టీవీ ప్రధాన కెమెరా కూడా మామూలుగా అక్కడే ఉంటుంది. నన్నడిగితే కాస్త పక్కకు జరిగి, గోల్ ముందు గీసిన పెనాల్టీ బాక్సు అంచుకు సూటిగా ఉండే సీటు మేలు. గోల్ గీత నుంచి ఆ అంచు 16.5 మీటర్లు. ఆఫ్‌సైడ్ (బంతి అందించే సమయానికే దాడి చేసే ఆటగాడు రక్షకులను దాటి ముందుండటం) గొడవలు ఎక్కువగా దాని చుట్టుపక్కలే పుడతాయి కాబట్టి లైన్ రిఫరీ జెండా ఎత్తకముందే మనం తీర్పు చెప్పేయొచ్చు! విరామం తర్వాత జట్లు వైపులు మారతాయి గనక గోల్స్ చూసే అదృష్టం ఒక సగంలో తగ్గుతుంది. లివర్‌పూల్ జట్టుకు తమ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో రెండో సగం గోల్ వెనకున్న కాప్ స్టాండు వైపు దాడి చేయడం ఇష్టం. సొంత జట్టుకు ఇలాంటి అలవాటేమైనా ఉందేమో కనుక్కుంటే ఏ చివర కొనాలో తేలిపోతుంది.

గోల్‌పోస్టు వెనక సంగతి వేరు. జర్మనీలోని డార్ట్‌మండ్ జట్టు స్టేడియం దక్షిణ స్టాండులో దాదాపు 25,000 మంది నిలబడి చూస్తారు, జట్టు రంగు వల్ల అదంతా పసుపు గోడలా ఉంటుంది. అటువంటిచోట ఆట వివరంగా కనిపించాలని ఆశించకూడదు. పాటలు, జెండాలు, గొంతు బొంగురుపోవడం, అందుకే వెళ్లాలి. అవతలి చివర గోల్ పడితే పక్కవాళ్ల అరుపుల వల్లే తెలుస్తుంది. ఎత్తు తక్కువవాళ్లకీ చిన్నపిల్లలకీ ఆ స్టాండులు వద్దనే చెబుతాను.

గోల్ వెనక కూర్చోవాలనుకుంటే మైదానం చుట్టూ పరుగు ట్రాక్ ఉందో లేదో ముందు చూడండి. బెర్లిన్, రోమ్ ఒలింపిక్ స్టేడియాల్లోనూ కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలోనూ అది ఉంది. ట్రాక్ వంపు వల్ల గోల్ వెనక స్టాండు బాగా వెనక్కి పోతుంది. అలాంటిచోట పక్క స్టాండే, అదీ పైనే. మిలాన్ శాన్ సీరోలో మూడో అంతస్తును 1990 ప్రపంచ కప్ కోసం కట్టారు. ఆటగాళ్లు చిన్నగా కనిపించినా జట్టు ఎలా కదులుతోందో అక్కడినుంచి బాగా తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం ఎక్కే దూరం చూసుకోవాలి. లండన్‌లో ఫుల్‌హామ్ జట్టు మైదానమైన క్రేవెన్ కాటేజ్‌లో 1905 నాటి జానీ హేన్స్ స్టాండులో ఇంకా స్తంభాలున్నాయి. పాత స్టేడియాల్లో టికెట్ మీద ‘చూపుకు అడ్డం’ అని రాసి ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు.

ఎండ విషయం చాలామంది మర్చిపోతారు. మైదానాలు ఎక్కువగా ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. మధ్యాహ్నం తర్వాత జరిగే మ్యాచ్‌లో పడమటి స్టాండుకు సూర్యుడు వీపు వైపు ఉంటాడు, తూర్పు స్టాండువాళ్లు చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని కూర్చుంటారు.

అద్దాల గదులూ మెత్తటి కుర్చీలూ పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు సుఖమే. అద్దం మూసేస్తే మాత్రం స్టేడియం హోరు సగానికి పడిపోతుంది, అంత ఖర్చుపెట్టి టీవీ చూసినట్టే. ఒకసారి ఎవరో మధ్యవర్తి దగ్గర ‘పక్క స్టాండు’ అని కొన్న టికెట్ తీరా కార్నర్ జెండా పక్కన తేలింది. అప్పటినుంచి బ్లాకు నంబరు చూడకుండా కొనడం లేదు. ఎదుటి జట్టు అభిమానులకు కేటాయించిన భాగాన్ని ఆనుకున్న బ్లాకులూ పిల్లలతో వద్దు, అక్కడ మాటల యుద్ధం చివరిదాకా సాగుతుంది. ఇక నడవ పక్క సీటు తీసుకుంటే బయటికి త్వరగా పోవచ్చు, కాకపోతే లోపలివాళ్లు వెళ్లినప్పుడల్లా లేచి దారివ్వాలి.