మొదటి ఛారిటీ సైకిల్ రైడ్‌కు ‘కంప్లీట్ కిట్’ కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

రెండు మూడు రోజుల ఛారిటీ రైడ్‌కు పేరిచ్చిన కొత్తవాళ్ళ కోసమే అన్నట్టు అమ్మే కిట్లు ఉంటాయి. జెల్ సీటు కవరు, ప్యాడ్ నిక్కరు, హెడ్‌లైటు, పంక్చర్ సరంజామా, క్యారియర్ సంచి, అన్నీ కలిపి ఒకే ధర. వీధి చివరి వరకు తొక్కి చూస్తే దేనికీ వంక పెట్టలేం. రోజుకు ఐదారు గంటలు తొక్కి, మర్నాడు మళ్ళీ అదే సీటెక్కినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. అప్పుడు వాపసు ఇవ్వడానికీ ఉండదు, మార్చుకోవడానికీ ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది జెల్ కవరే. సీటు మీద మన బరువును మోయాల్సింది కింద ఉండే రెండు కూర్చునే ఎముకలు. జెల్ మందంగా ఉంటే ఆ ఎముకలు లోపలికి దిగబడతాయి, పక్కకు జరిగిన జెల్ మధ్యలో పైకి ఉబ్బుతుంది. అక్కడున్న నరాలు, రక్తనాళాలు నలిగి తిమ్మిరి పడుతుంది. పైగా తాడుతో బిగించిన కవరు పెడల్ తొక్కినప్పుడల్లా కాస్త కాస్త జరుగుతుంది, ఆ రాపిడికి చర్మం లేస్తుంది. కవరు మందం వల్ల మీరు కూర్చునే ఎత్తు కూడా పెరుగుతుంది. సీటును ఆ మేరకు దించకపోతే పెడల్ అందక నడుము అటూ ఇటూ ఊగుతుంది. సీటు ఎత్తులో సెంటీమీటరు తేడా కూడా మోకాలికి తెలుస్తుంది.

కవరుకు పెట్టే డబ్బు మీ కూర్చునే ఎముకల వెడల్పుకు సరిపడే సీటు మీద పెట్టండి. కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. గట్టి బల్ల మీద పొరల అట్టముక్క వేసి, కొంచెం ముందుకు వంగి కూర్చుని లేవండి. పడిన రెండు గుంటల నడి బిందువుల మధ్య దూరం కొలవండి. ముందుకు వంగి తొక్కే సైకిలైతే దానికి సుమారు 2 సెం.మీ. కలపండి, నిటారుగా కూర్చునేదైతే ఇంకొంచెం ఎక్కువ; ఆ మొత్తమే మీకు కావాల్సిన సీటు వెడల్పు. సీటు ఏదైనా రైడ్‌కు కనీసం నాలుగు వారాల ముందే ఖాయం చేసుకోండి, ఆ తర్వాత ఇక మార్చకండి.

నిక్కరు విషయంలో ప్యాడ్ మందం చూసి మోసపోవద్దు. ప్యాడ్‌ను రెండు వేళ్ళ మధ్య గట్టిగా నొక్కండి. స్పాంజిలా పూర్తిగా అణిగి వేళ్ళు దాదాపు కలిసిపోతే అది గంట ప్రయాణానికి తప్ప పనికిరాదు. కుట్టు సరిగ్గా నడిమధ్య నుంచి పోతుంటే అసలు తీసుకోకండి. లోపల డ్రాయరు వేసుకోకూడదు, ఆ కుట్లే పుండ్లు చేస్తాయి. కనీసం రెండు నిక్కర్లు ఉండాలి, ఎందుకంటే రాత్రి ఉతికిన ప్యాడ్ తెల్లారేసరికి ఆరుతుందన్న నమ్మకం లేదు.

ఇక లైటు. డబ్బా మీద ‘10,000 ల్యూమెన్లు’ (వెలుగు కొలత), లోపలి 18650 సెల్ (18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవుండే లిథియం సెల్) మీద ‘9,900 ఎంఏహెచ్’ (అందులో పట్టే ఛార్జీ) అని ఉంటే రెండూ అబద్ధాలే. ఆ సైజు సెల్ మంచి కంపెనీది అయినా సుమారు 3,500 ఎంఏహెచ్ దగ్గర ఆగిపోతుంది, అంటే 12, 13 వాట్‌అవర్లు. మంచి ఎల్‌ఈడీతో కూడా 10,000 ల్యూమెన్లకు 80 వాట్లకు అటూ ఇటూగా కావాలి. లెక్క వేయండి, పది నిమిషాలు కూడా రాదు. అంత వేడిని అరచేతిలో పట్టే లైటు బయటికి పంపలేదు కూడా. సెల్‌ను వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టి చూడండి. అసలుది 45 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, బాగా తేలిగ్గా ఉంటే లోపల సరుకు లేనట్టే. అలాంటి దాన్ని ఛార్జింగ్‌లో పెట్టి నిద్రపోవడం ప్రమాదం కూడా. పగటి రైడే అయినా మబ్బు, పొగమంచు, తెల్లవారుజాము బయల్దేరడం ఉంటాయి కాబట్టి లైటు కావాలి. ఏ వెలుగులో ఎన్ని గంటలు వస్తుందో విడివిడిగా రాసిన 400 నుంచి 800 ల్యూమెన్ల లైటు చాలు. వెనక ఎర్ర లైటు మరవద్దు, కిట్లలో చాలాసార్లు అదే ఉండదు.

పంక్చర్ సంచిలో ‘అన్ని సైకిళ్ళకు సరిపోతుంది’ అని రాసిన ట్యూబు ఉంటే నమ్మకండి. మీ టైరు పక్కన 28-622 లాంటి అంకె ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 700సి, 29 అంగుళాలు రెండూ 622, 27.5 అంటే 584, మౌంటెన్ సైకిళ్ళ 26 అంటే 559. ట్యూబు పెట్టె మీద మీ రెండో అంకె, మీ టైరు వెడల్పు ఇమిడే పరిధి ఉండాలి. వాల్వు ఇంకో తలనొప్పి. కారు టైరుకుండే లావు వాల్వు, సన్న వాల్వు కోసం తొలిచిన రిమ్ము రంధ్రంలో దూరదు. రిమ్ము లోతు ఎక్కువైతే వాల్వు దానికన్నా కనీసం 15 మి.మీ. పొడవుండాలి, లేకపోతే పంపు పట్టదు. వీటితో పాటు ఇచ్చే మల్టీటూల్ మెత్తటి లోహంతో చేసిందైతే ఒకటి రెండు గట్టి బోల్టులకే 5 మి.మీ. కీ మూలలు అరిగి, బోల్టు తలను కూడా పాడుచేస్తుంది. 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు, టీ25 (నక్షత్రం ఆకారపు కీ), చైన్ బ్రేకర్ (చైను పిన్ను తీసేది) ఉన్న గట్టిది విడిగా కొనండి. సంచిలో ఉండాల్సినవి: మీ సైజు ట్యూబులు రెండు, జిగురు ఎండిపోని ప్యాచ్ కిట్టు, టైరు లివర్లు రెండు, తెగిన చైనును కలపడానికి మీ వెనక గేర్ల సంఖ్యకు సరిపోయే చైన్ లింకు ఒకటి. 8 గేర్ల లింకు 11 గేర్ల చైనుకు పట్టదు.

సంచి అసలు కావాలో లేదో నిర్వాహకుల కాగితం చూసి నిర్ణయించుకోండి. సామాను వ్యాను ఉంటే క్యారియర్ సంచి అనవసరపు బరువు. సీటు గొట్టానికి బిగించే క్యారియర్‌ను కార్బన్ గొట్టానికి ఎప్పుడూ వాడకండి, పగిలే ప్రమాదం ఉంది.

కిట్‌తో ఉచితంగా హెల్మెట్ ఇస్తే లోపలి లేబుల్ వెతకండి. ఈఎన్ 1078 (యూరప్ భద్రతా ప్రమాణం) లేదా సీపీఎస్సీ (అమెరికాది) గుర్తు, సైజు, తయారీ తేదీ లేకపోతే పక్కన పడేయండి.

మిగిలిన డబ్బుతో సైకిల్‌కు సర్వీసు చేయించండి, అదీ రెండు మూడు వారాల ముందే. కొత్త కేబుళ్ళు మొదటి వంద కిలోమీటర్లలో కొంచెం వదులవుతాయి, గేర్లు మళ్ళీ సరిచేయాలి. చైను అరుగుదల (అరిగి సాగిన పొడవు) వెనక 11, 12 గేర్లుంటే 0.5 శాతం, అంతకంటే తక్కువ గేర్లకు 0.75 శాతం దాటితే మార్చమనండి.

‘మీరు కొంటే కొంత ఛారిటీకి వెళ్తుంది’ అన్న మాట కూడా చూసి నమ్మండి. ఎంత, ఏ సంస్థకు, రసీదు ఎవరి పేరున అని అడగండి. ఆ డబ్బు మీరు సేకరించాల్సిన కనీస విరాళంలో లెక్కకు వస్తుందనుకోకండి, అది వేరే ఖాతా. కొన్ని రైడ్‌లలో ఆ కనీస మొత్తం తగ్గితే తేడాను మీ కార్డు నుంచే తీసుకుంటారు, నిబంధనల్లో ఆ వాక్యం ఉందేమో చదవండి.

ఇప్పటికే కిట్ తెప్పించుకున్నవాళ్ళు డబ్బా విప్పేటప్పుడే ఫొటోలు తీసి, సెల్ తూకం, ట్యూబు మీది అంకెలు, హెల్మెట్ లేబుల్ ఈరోజే చూసుకోండి. వాపసు గడువు సాధారణంగా డెలివరీ తేదీ నుంచే లెక్కకు వస్తుంది, రైడ్ తేదీ నుంచి కాదు.