కమడోర్ 64తో సంగీతం: అనంతపురం ఎండల్లో నాలుగేళ్ల వాడకం తర్వాత

పాతకాలపు హోమ్ కంప్యూటర్లలో సంగీతం కోసం ఒక్కటే కొనాలంటే కమడోర్ 64 కొనండి. దాంతోపాటు వచ్చే ఇటుకలాంటి పవర్ సప్లైని మాత్రం ప్లగ్గులో పెట్టకండి. నాలుగేళ్ల వాడకంలో ఈ రెండు మాటలూ మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

1982లో వచ్చిన ఈ యంత్రంలో శబ్దమంతా బాబ్ యానెస్ రూపొందించిన సిడ్ చిప్‌దే. మూడు గొంతులు, ఒక్కోదానికి నాలుగు రకాల తరంగాలు, మూడింటికీ కలిపి ఒకే ఫిల్టర్ (శబ్దంలో కొన్ని స్థాయిలను కోసేది). అందరూ ఆ ఫిల్టర్‌నే పొగుడుతారు. మన సంగీతానికి అంతకన్నా పనికొచ్చేది దీని 16 బిట్ల స్వర రిజిస్టర్ (స్వరం ఎత్తును అంకెగా వేసే చోటు). 1984లో క్లాస్ ప్రాజెక్టు (స్కూళ్లలో కంప్యూటర్ చదువు పథకం) కింద మన స్కూళ్లకు వచ్చిన బీబీసీ మైక్రోలో 880 హెర్ట్జ్ దగ్గర ఒక్క మెట్టు దాదాపు 12 సెంట్లు (హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). స్పెక్ట్రమ్ 128 అనే ఇంకో పాత కంప్యూటర్లో 14 దాకా. వాటిలో పై స్థాయిలో కంపితం వేస్తే నిచ్చెన దిగుతున్నట్టు వినిపిస్తుంది. సిడ్‌లో అదే చోట మెట్టు సెంటులో పదో వంతు.

ఒకటి శ్రుతికి ఆ రిజిస్టర్లో వేయాల్సిన అంకెలివి, పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) యంత్రానికి: షడ్జం 4455, అంతర గాంధారం 5569, శుద్ధ మధ్యమం 5940, పంచమం 6683, పై షడ్జం 8910. హార్మోనియం లెక్కలో గాంధారం 5613 అవుతుంది, అంటే 14 సెంట్లు ఎక్కువ. తంబూరా పక్కన పెట్టి వింటే ఆ తేడా చెవికి గుచ్చుకుంటుంది. విని చూడాలంటే బేసిక్‌లో పోక్ (మెమరీలో ఒక చోట అంకె వేసే ఆదేశం) చేస్తే చాలు. 54296లో 15 (ఇది వాల్యూమ్), 54277లో 9, 54278లో 0, 54272లో 103, 54273లో 17 (17 × 256 + 103 = 4455), చివరగా 54276లో 33. రంపపు తరంగంలో షడ్జం మోగి తగ్గిపోతుంది. మళ్లీ మోగాలంటే 54276లో ముందు 32 వేసి, తర్వాత 33 వేయాలి.

అమెరికాలో ఉన్న బంధువులతో తెప్పించుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. అక్కడివి ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) యంత్రాలు. గడియారం వేగం ఎక్కువ కాబట్టి ఇవే అంకెలు వేస్తే స్వరం 65 సెంట్లు పైకి పోతుంది, పాట నడక ఐదో వంతు పెరుగుతుంది. 110 వోల్టుల సప్లైని అక్కడే వదిలేసి యంత్రం మాత్రం తెమ్మనండి. యంత్రానికి అందాల్సింది ఏ దేశానిదైనా ఒకటే: 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ.

ఇక ఆ సప్లై. దాని లోపల జిగురు పోసి మూసేస్తారు, వేడి బయటికి పోదు. ఏళ్ల తరబడి ఉడికిన రెగ్యులేటర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం) చెడిపోయినప్పుడు 5 వోల్టులు ఆగిపోవు, పైకి ఎగబాకుతాయి. ముందు మెమరీ చిప్పులు పోతాయి, వాటి వెనకే మిగతావి. యంత్రానికి పెట్టకముందు మీటరుతో చూసుకుంటే చాలదా అంటే, చాలదు. లోడు లేనప్పుడు సరిగ్గా చూపి, అరగంట వేడెక్కాక ఎగబాకినవి ఉన్నాయి. కొత్తది కట్టుకోవడమే నయం. వైండింగ్ షాపులో 230 నుంచి 9 వోల్టులకు, ఒకటిన్నర ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించండి. 5 వోల్టులకు 3 ఆంపియర్ల మంచి ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) తీసుకుని, 5.5 దాటితే తెంచేసే రక్షణ బోర్డు మధ్యలో పెట్టండి. ఏడు పిన్నుల గుండ్రటి డిన్ ప్లగ్గు ఇక్కడ దొరక్కపోతే బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో వెతకాలి. ఐదో పిన్ను 5 వోల్టులు; ఆరు, ఏడు పిన్నులు 9 వోల్టుల ఏసీ; రెండోది గ్రౌండు.

9 వోల్టులు లేకపోయినా నడుస్తుందిలే అనుకోవద్దు. సిడ్‌కు కావలసిన ఎక్కువ వోల్టేజీ వచ్చేది ఆ ఏసీ నుంచే. యంత్రం ఉన్నట్టుండి మూగబోతే చిప్‌ను అనుమానించే ముందు లోపల స్విచ్చు దగ్గరున్న 1.5 ఆంపియర్ల ఫ్యూజు చూడండి. కరెంటు పోయినప్పుడు ఇంట్లో చతురస్రపు తరంగం ఇచ్చే చౌక ఇన్వర్టర్ మీద నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది, ఆ గుర్రు రికార్డింగులోకీ వస్తుంది. శుద్ధ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటేనే రికార్డు చేయండి, లేదంటే కరెంటు వచ్చేదాకా ఆగండి.

శబ్దం బయటికి తీయడానికి ఖరీదైన కేబుల్ అక్కర్లేదు. మిడికి (ఎలక్ట్రానిక్ వాయిద్యాలను కలిపే పద్ధతి) వాడే ఐదు పిన్నుల డిన్ ప్లగ్గు వెనకనున్న ఏవీ (ఆడియో-వీడియో) సాకెట్లో సరిపోతుంది. మూడో పిన్ను ఆడియో, రెండోది గ్రౌండు, నాలుగోది వీడియో. ఐదో పిన్ను ఆడియో లోపలికి. దాన్ని గాలికి వదిలేస్తే వీడియో రొద అంతా దాని ద్వారా సిడ్‌లోకి దూరుతుంది, కాబట్టి ప్లగ్గులోనే ఐదును రెండుకు కలిపి సోల్డర్ చేయండి.

రెండో ప్లగ్గు ఇంకోలా కట్టుకోండి. అందులో ఐదో పిన్నుకు ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె. మూడు గొంతుల్లో రెంటిని శ్రుతికే ఖర్చు చేస్తే పాటకు మిగిలేది ఒక్కటే కదా. ఈ దారిలో మూడూ మిగులుతాయి, పైగా శ్రుతి కూడా సిడ్ ఫిల్టర్ గుండా పోతుంది: 54295లో 8, 54296లో 31, తర్వాత 54294లో అంకె మారుస్తూ పోతే శ్రుతి ముసుగు కప్పుకుని, ముసుగు తీస్తుంది. శ్రుతి పెట్టె వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టండి. ఈ యంత్రంలో అన్నిటికన్నా నచ్చిన పని ఇదే.

చిప్ రకాలు రెండు. పాతదైన 6581కి 12 వోల్టులు, తర్వాతి 8580కి 9. ఒకదాని సాకెట్లో ఇంకోటి పెట్టొద్దు, 12 వోల్టుల బోర్డులో 8580 కాలిపోతుంది. ఫిల్టర్ కెపాసిటర్లూ వేరు: మొదటిదానికి 470 పికోఫారడ్లు, రెండోదానికి 22 నానోఫారడ్లు. 6581లో ఏ రెండు చిప్పుల ఫిల్టరూ ఒకేలా పలకదు. ఒకదాని మీద దిద్దుకున్న శబ్దం ఇంకోదాని మీద బొంగురుపోతుంది. గరుకుదనం కావాలంటే 6581, నమ్మకం కావాలంటే 8580.

పాట కట్టడానికి ఇప్పటి కంప్యూటర్లో గోట్‌ట్రాకర్ అనే ప్రోగ్రాము, యంత్రం మీదే కట్టాలంటే సిడ్-విజార్డ్. రెండూ ఉచితం. పాల్ యంత్రంలో ప్లేయర్ (స్వరాలను సిడ్‌కు అందించే భాగం) సెకనుకు 50 సార్లు, అంటే ఫ్రేముకు ఒకసారి, నడుస్తుంది కాబట్టి నడకలు మనకు నచ్చినట్టు దొరకవు. దెబ్బకు నాలుగు వరుసల లెక్కన, వరుసకు 6 ఫ్రేములైతే నిమిషానికి 125 దెబ్బలు, 7 అయితే 107. మధ్యలో కావాలంటే 6, 7 మార్చి మార్చి వేస్తే 115 వస్తుంది, కాకపోతే నడక కాస్త ఊగుతుంది. గమకాలకు ప్లేయర్‌ను ఫ్రేముకు రెండుసార్లు పిలిచే అమరిక పెట్టుకోండి, జారు నునుపుగా వస్తుంది.

కొన్ని స్వరాలు ఆలస్యంగా అందుకుంటాయి. అది మీ తాళం తప్పు కాదు, సిడ్ ఎన్వలప్‌లో (స్వరం పెరిగి తగ్గే తీరును నడిపే భాగం) ఉన్న లోపం. ఒక్కోసారి 33 మిల్లీసెకన్ల దాకా జాగు చేస్తుంది. రెండు ఫ్రేముల ముందే గేటు (స్వరాన్ని మొదలుపెట్టి ఆపే బిట్) మూసి ఎన్వలప్‌ను ఖాళీ చేసే హార్డ్ రీస్టార్ట్‌ను గోట్‌ట్రాకర్ తనంతట తానే వేస్తుంది, దాన్ని తీసేయకండి.

మన వాయిద్యాల్లో డప్పు తేలిక: ఒక్క ఫ్రేము నాయిస్ (రొద తరంగం), వెంటనే కిందికి జారే త్రిభుజ తరంగం. చెక్కలకు పొట్టి నాయిస్ చాలు. మన జిల్లా ఉరుము వాయిద్యానికి పల్స్ తరంగాన్ని 1022 దగ్గర మొదలుపెట్టి, ఫ్రేముకు 106 చొప్పున ఎనిమిది ఫ్రేములు పైకి జార్చి, లో-పాస్ ఫిల్టర్‌లో రెజొనెన్స్ (ఫిల్టర్ కోసే చోట శబ్దాన్ని ఉబ్బించేది) పెంచండి. తోలు మీద పుల్ల రుద్దినప్పటి మూలుగు చాలావరకు వస్తుంది. నాయిస్‌ను మాత్రం ఇంకో తరంగంతో కలపొద్దు. ఆ గొంతు మూగబోతుంది, కంట్రోల్ రిజిస్టర్లో 8 వేసి తీసేదాకా తిరిగి రాదు.

మన ఎండలకు మూత లోపలి రేకు అంటించిన అట్టను తీసేయండి, వేడిని పట్టి ఉంచేది అదే. సిడ్, వీడియో చిప్, పీఎల్‌ఏ (చిప్పులను ఎంపిక చేసే చిప్) మీద హీట్‌సింకులు అంటించండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గంటకు మించి నడపకపోవడం మేలు. పొడి గాలిలో ఒంటి మీది స్థిరవిద్యుత్తు జాయ్‌స్టిక్ పోర్టు పిన్నులను తాకితే సీఐఏ (పోర్టులను నడిపే) చిప్ పోతుంది. ముందు గ్రౌండును ముట్టుకోండి, యంత్రం ఆన్‌లో ఉండగా పోర్టులో ఏదీ పెట్టకండి, తీయకండి.

ఫ్లాపీ డ్రైవుకు బదులు ఎస్‌డీ2ఐఈసీ (ఎస్‌డీ కార్డును డ్రైవులా వాడనిచ్చే పరికరం) పెట్టుకుంటే వేడి, దుమ్ము గొడవ తప్పుతుంది. ఫాస్ట్ లోడర్ వాడే ఆటలు కొన్ని దానిమీద లోడ్ కావు. సంగీతం ప్రోగ్రాములకు ఆ ఇబ్బంది రాలేదు.