నిద్ర స్కోరు చూసి నమ్మకండి: ఎనిమిది నెలలు మోసపోయాక రాస్తున్నా

నిద్రను కొలుస్తానంటూ అమ్మే చేతి బ్యాండ్ కొనబోతున్నవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. కంపెనీ పేరు రాయడం లేదు.

రోజూ ఏడున్నర గంటలు పడుకునేవాణ్ణి. అయినా పొద్దున లేచేసరికి రాత్రంతా మూటలు మోసినట్టు ఒళ్లు నొప్పులు, తలబరువు, నోరు పిడచకట్టుకుపోవడం. మధ్యాహ్నం మీటింగులో కునుకు. బ్యాండ్ మాత్రం రోజూ 85, 88 అని పచ్చరంగులో మార్కులు వేసేది, ‘గాఢనిద్ర చాలా బాగుంది’ అని మెచ్చుకునేది కూడా. యంత్రమే బాగుందంటుంటే నాది ఒట్టి బద్ధకం కాబోలు అనుకున్నాను. గురక మధ్యలో ఊపిరి ఆగిపోతోందని, భయమేసి తట్టి లేపుతున్నానని మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో! ప్రతిసారీ ఫోన్ తీసి స్కోరు చూపించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

చివరికి ఆవిడ పోరు పడలేక డాక్టర్ దగ్గరికి వెళ్లాను. తలకి, ఛాతీకి, ముక్కు దగ్గరా వైర్లు తగిలించి ఒక రాత్రి పడుకోబెట్టారు. గంటకి 34 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందట. కనీసం 10 సెకన్లు ఉంటేనే ఒకసారిగా లెక్కిస్తారు. పెద్దవాళ్లలో గంటకి 5 లోపు ఉంటే మామూలే, 30 గానీ అంతకు మించి గానీ ఉంటే తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. ఊపిరి ఆడనప్పుడల్లా మెదడు కొన్ని క్షణాలు మేలుకుంటుంది, మనకి గుర్తుండదు. అలా ముక్కలైన నిద్ర ఎన్ని గంటలు పోయినా ఏం లాభం?

మరి బ్యాండ్‌కి ఇదెందుకు తెలియలేదు? నాది కదలికనీ నాడినీ చూసి ఊహించే రకం. మెదడు తరంగాలు చూడందే గాఢనిద్ర ఎంతో కచ్చితంగా తేలదని డాక్టర్ అన్నారు. కదలకుండా మేలుకుని పడుకున్నా దానికి నిద్రలాగే కనిపించొచ్చు. 2024లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ కొన్ని వాచీల్లో ఆప్నియా హెచ్చరికకి అనుమతి ఇచ్చింది, నిజమే. అయినా అవి జబ్బును నిర్ధారించవు, హెచ్చరిక రాలేదంటే జబ్బు లేదనీ కాదు.

అన్నిటికంటే ఒళ్లు మండేది ఇది. నోరు ఎండుతోందని యాప్‌లో రాస్తే, నోటికి అంటించుకునే టేపు కొనమని సలహా ఇచ్చింది. రెండు వారాలు అంటించుకున్నాను కూడా. డాక్టర్ ఆ మాట విని మండిపడ్డారు. ముక్కు దిబ్బడ ఉన్నప్పుడు నోరు కూడా మూసేస్తే ఏం కావాలి?

కంపెనీకి ఫిర్యాదు చేస్తే ‘ఇది వైద్య పరికరం కాదు, పెట్టె మీద రాశాం’ అన్నారు. చూస్తే నిజంగానే ఉంది, అడుగున చీమతలకాయంత అక్షరాల్లో. ‘మీ అలసటకి కారణం తెలుసుకోండి’ అన్నది మాత్రం పైన పెద్దగా! వాపసు గడువు 30 రోజులే కాబట్టి డబ్బు తిరిగి రాదు.

ఇంకోటి, యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ఫోన్‌లో చెల్లింపుల సెట్టింగ్స్‌లోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి. నాకా సంగతి తెలిసేలోపు మళ్లీ డబ్బు కట్ అయింది. మూడో మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు.

ఇప్పుడు రాత్రిళ్లు సీప్యాప్ మెషిన్ పెట్టుకుంటున్నాను, మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపి ఊపిరి దారి మూసుకుపోకుండా చూస్తుంది. మాస్క్ అలవాటవడానికి పది రోజులు పట్టింది. మీకూ ఇలాగే ఉంటే ఆప్నియాతో పాటు థైరాయిడ్, రక్తహీనత పరీక్షల సంగతి కూడా డాక్టర్‌ని అడగండి. పక్కన పడుకునేవాళ్లు మీ గురక గురించి ఏమంటున్నారో ఆయనకి తప్పకుండా చెప్పండి.