మ్యూజిక్ సర్వర్ ఎంపిక: కొన్నేళ్లు వాడాక నాకు తేలింది

రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దానికి 2 టీబీ హార్డ్ డిస్క్, డిస్క్‌లోని పాటలను ఇంట్లోని ప్లేయర్లకు పంపే లిరియన్ మ్యూజిక్ సర్వర్ అనే సాఫ్ట్‌వేర్. కొన్నేళ్లుగా మా ఇంట్లో పాటలన్నీ దీంట్లోంచే వస్తున్నాయి. లిరియన్ అంటే, లాజిటెక్ కంపెనీ స్క్వీజ్‌బాక్స్ అనే మ్యూజిక్ ప్లేయర్లు అమ్మిన రోజుల నాటి లాజిటెక్ మీడియా సర్వరే. ఆ ప్లేయర్లను కంపెనీ 2012లో ఆపేసింది, 2024లో ఆన్‌లైన్ సర్వీసూ మూసేసింది. అయినా వాడేవాళ్లే పూనుకుని సాఫ్ట్‌వేర్‌ను నిలబెట్టారు. నేను దీన్ని నమ్మింది అందుకే. పాటలు మామూలు ఫ్లాక్ (నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫార్మాట్) ఫైళ్లుగా నా డిస్క్‌లోనే ఉంటాయి, రేపు ఇంకో సర్వర్‌కి మారినా పోయేదేమీ ఉండదు.

సౌండ్ సంగతి ముందే చెప్పేస్తాను. సీడీలోని ప్రతి బిట్టూ ఫ్లాక్‌లో ఉంటుంది. దాన్ని చెడగొట్టకుండా డాక్‌కి, అంటే డిజిటల్ పాటను వినిపించే సిగ్నల్‌గా మార్చే పరికరానికి, అందించడమే సర్వర్ పని. ఒకే డాక్ మీద నా రాస్‌బెర్రీ పై బోర్డునీ, స్నేహితుడి ఖరీదైన సర్వర్‌నీ మార్చి మార్చి విన్నాం, తేడా తెలియలేదు. మిగిలే డబ్బు స్పీకర్ల మీద పెట్టండి, మొదటి పాటకే తెలిసిపోతుంది.

సర్వర్ మంచిచెడ్డలు బయటపడేది లైబ్రరీ దగ్గర. డిస్క్‌లోకి కాపీ చేసేటప్పుడు చాలా తెలుగు సీడీలకు పాటల పేర్లు రావు, ట్రాక్ 1, ట్రాక్ 2 అని వస్తాయి. వచ్చినవాటిలో ఘంటసాల పేరు ఒక్కో సీడీకి ఒక్కో ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో ఉండి, ఆయన పాటలు నాలుగు చోట్లకు చెదిరిపోయాయి. పాటల ఫైళ్లలో వివరాలు మార్చే ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రామ్‌తో కూర్చుని అన్నిటికీ తెలుగు లిపిలోనే పేర్లు పెట్టాను. ఫ్లాక్ ట్యాగులు (ఫైల్లోనే ఉండే పాట వివరాలు) అన్ని లిపులూ పట్టే యూనికోడ్‌లో ఉంటాయి కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. సినిమా పాటలకు ఆల్బమ్ ఆర్టిస్ట్ దగ్గర సంగీత దర్శకుడి పేరు వేయాలి, లేకపోతే ఒకే సినిమా గాయకుల వారీగా ముక్కలైపోతుంది. కర్ణాటక సంగీతానికి కంపోజర్ దగ్గర వాగ్గేయకారుడి పేరు, జానర్ దగ్గర రాగం పేరు వేశాను. ఇప్పుడు కల్యాణి అని కొడితే ఎవరెవరు పాడిన కల్యాణి కృతులన్నీ ఒక్కచోట వరసగా వస్తాయి. ఆ వరస చూసిన రోజు పడ్డ శ్రమంతా మర్చిపోయాను. ఇదివరకు "ఒరేయ్, బాలమురళి గారివి ఎక్కడ పెట్టావురా?" అని అడిగే అమ్మ ఇప్పుడు ఫోన్లో తనే వెతుక్కుంటుంది.

ట్రాక్‌కీ ట్రాక్‌కీ మధ్య ఖాళీ రాకుండా వాయించడం కూడా తప్పకుండా చూసుకోండి. ఆలాపన ఒక ట్రాక్, కృతి ఇంకో ట్రాక్‌గా ఉన్న కచేరీ సీడీల్లో మధ్యలో తంబుర శ్రుతి అరసెకను తెగినా ప్రాణం ఉసూరుమంటుంది. లిరియన్‌లో ఆ బాధ లేదు.

సీడీలను కాపీ చేయడానికి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రామ్ వాడాను. మన రిప్‌ని (సీడీ నుంచి తీసిన కాపీని) ఇతరుల రిప్‌లతో పోల్చే ఆక్యురేట్‌రిప్‌లో నా తెలుగు సీడీల్లో చాలావాటికి జోడీ దొరకలేదు. అలాంటివి ఆ ప్రోగ్రామ్‌లోని టెస్ట్ అండ్ కాపీతో రెండుసార్లు చదివించి, చదివిన డేటాను బట్టి వచ్చే సీఆర్‌సీ అనే చెక్ నంబర్లు రెండూ ఒకటైతేనే ఉంచుకున్నాను. గంట సీడీ ఫ్లాక్‌లో సుమారు 300 నుంచి 350 ఎంబీ అవుతుంది. అంటే 2 టీబీ చాలామందికి ఎక్కువే.

డిస్క్ తిరిగే చప్పుడు హాల్లో వినపడకూడదు. నా సర్వర్ పక్క గదిలో రౌటర్ దగ్గర ఉంటుంది, స్టీరియో పక్కన చిన్న ప్లేయర్ మాత్రమే. రాస్‌బెర్రీ పై 4లో యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 1.2 ఆంపియర్లే, అందుకే డిస్క్‌కి విడిగా పవర్ ఉన్న హబ్ పెట్టాను. మాకు కరెంటు కోతలు మామూలే. బోర్డులో నేను వాడే పైకోర్‌ప్లేయర్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది కాబట్టి, ఉన్నపళంగా కరెంటు పోయినా మెమరీ కార్డు పాడైన సందర్భం లేదు. డిస్క్ మాత్రం ఒకటి పోయింది, పేరున్న కంపెనీదే. ఒక సాయంత్రం టక్ టక్‌మని కొట్టుకుని ఆగిపోయింది. రెండో కాపీ అక్కావాళ్లింట్లో ఉండబట్టి టెన్షన్ పడలేదు. రెయిడ్ (ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే పద్ధతి) ఉంటే చాలంటారు గానీ, పొరపాటున డిలీట్ చేస్తే రెయిడ్‌లో రెండు డిస్కుల్లోంచీ పోతుంది.

ఈ తంటాలు పడే ఓపిక లేనివాళ్లకు బ్లూసౌండ్ వాల్ట్ 2ఐ లాంటి రెడీమేడ్ పెట్టె మంచిదే. లోపలే 2 టీబీ డిస్క్, సీడీ స్లాట్ ఉంటాయి, సీడీ పెడితే తనే ఫ్లాక్ చేసుకుంటుంది. ఏది కొన్నా ముందు ఒక పాత తెలుగు సినిమా సీడీ, ఒక కచేరీ సీడీ షాపుకు పట్టుకెళ్లి అందులో వేయించండి, ఆ పేర్లు మార్చడం ఎంత సులువో అక్కడే చూసుకోండి.