బ్రూక్లాండ్స్ నుంచి బ్యూలీ సంత దాకా, ఆస్టిన్ సెవెన్‌లో

మా 1930 నాటి చిన్న బ్రిటిష్ కారు ఆస్టిన్ సెవెన్‌ను తీసుకుని సెప్టెంబరులో నేనూ మా తమ్ముడూ ఇంగ్లండ్‌లోని బ్రూక్లాండ్స్ నుంచి, పాత కార్ల విడిభాగాల సంత జరిగే బ్యూలీ దాకా వెళ్లాం. దూరం సుమారు 110 కిలోమీటర్లు. ఈ కాలపు కారులో పూటలో సగం కూడా పట్టని దారికి మేము రెండు పగళ్లు, మధ్యలో ఒక రాత్రి కేటాయించుకున్నాం. 747 సీసీ ఇంజన్, 10.5 హార్స్‌పవర్, మూడు గేర్లు. గంటకు అరవై కిలోమీటర్లు దాటించాలని నాకు ఎప్పుడూ అనిపించదు. ఇలాంటి కారుతో తిరిగేవాళ్లకు ఏ ఊరు బాగుంది, ఏ బస బాగుంది అన్న లెక్కలు వేరుగా ఉంటాయి. రాత్రి కారు ఎక్కడ ఉంటుంది, తేమ ఎంత, వాలు ఎంత, దారిలో ఆగిపోతే వచ్చేవాడికి పాత ఇనుము సంగతి తెలుసా అన్నవే నాకు ముఖ్యం. అందుకే ఆ లెక్కలోనే రాస్తున్నాను.

బ్రూక్లాండ్స్ గురించి ముందు చెప్పాలి. 1907 జూన్‌లో ప్రారంభమైన ఈ ట్రాక్ కార్ల పందేల కోసమే ప్రపంచంలో మొదటిసారిగా కట్టినది. చుట్టు దాదాపు 4.4 కిలోమీటర్లు. 1939తో పందేలు ఆగిపోయాయి. ఇప్పుడు మిగిలింది ముక్కలే. కానీ ఆ ముక్కల్లో ఒకటైన వాలుగట్టు కిందికి వెళ్లి తలెత్తి చూడండి. దాదాపు తొమ్మిది మీటర్ల ఎత్తున కాంక్రీటు గోడలా లేస్తుంది. పలకల మధ్య సందుల్లో నాచు, గడ్డి. దాన్ని నున్నగా పూసి కొత్తగా చేయాలని ఎవరికీ అనిపించకపోవడం నాకు ఎంతో నచ్చింది. కారు విషయంలోనూ నేను కోరుకునేది అదే. మా కారు సీటు తోలు డ్రైవరు వైపు అరిగిపోయి, గీతలు పడి ఉంది. మార్చమని చాలామంది చెప్పారు. తొంభై ఏళ్లకు పైగా ఎవరెవరో కూర్చుని అరగదీసిన తోలు అది. ఏడాదికి రెండుసార్లు తోలు నూనె రాస్తాను తప్ప మార్చను.

అక్కడి మ్యూజియం షెడ్లలో నేపియర్-రెయిల్టన్ ఉంది. 24 లీటర్ల విమానం ఇంజన్ అమర్చిన కారు. జాన్ కాబ్ 1935లో దీన్ని గంటకు 230 కిలోమీటర్ల పైచిలుకు సగటు వేగంతో నడిపి బ్రూక్లాండ్స్ చుట్టు రికార్డు నెలకొల్పాడు. ఆ రికార్డును తర్వాత ఎవరూ దాటలేదు. ఇంతటి కారుకు బ్రేకులు వెనక చక్రాలకు మాత్రమే ఉన్నాయి! దీన్ని మ్యూజియం వాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు నడుపుతారు. కింద పరిచిన రేకులో నూనె చుక్కలు చూడగానే నా మనసు కుదుటపడింది. నడిచే కారు కిందే నూనె పడుతుంది.

బ్రూక్లాండ్స్‌కు నేను పెద్ద మార్కులే వేస్తాను. ఆ రాత్రి దిగిన హోటలుకు మాత్రం వేయలేను. గది శుభ్రంగా ఉంది, మనుషులు మర్యాదగా ఉన్నారు. కానీ కార్లు పెట్టే చోటు భూమి కింద, నిటారైన వాలు దిగి వెళ్లాలి. ఆస్టిన్ సెవెన్ క్లచ్ తొక్కుడు బొటనవేలి మందం కూడా ఉండదు. పట్టిందా, లేదా అన్నంతే. చల్లబడిన ఇంజన్‌తో పొద్దున్నే ఆ వాలు ఎక్కించడం క్లచ్‌కూ మంచిది కాదు, వెనక వచ్చేవాళ్లకూ మంచిది కాదు. ఫోను చేసినప్పుడు "పార్కింగ్ ఉంది" అన్న మాటతో సరిపెట్టుకున్నాను. నేల మట్టంగా ఉందా అని అడగాల్సింది.

శుక్రవారం ఉదయం పెట్రోలు పోయించాం. బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. దాని పేరు ఇ10. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. పాత రబ్బరు గొట్టాలను, కార్కు వాషర్లను మెత్తబరుస్తుంది, కొన్ని లోహాలను తినేస్తుంది. పాత కార్లవాళ్లు అయిదు శాతం మించని ఇ5 కోసం వెతుక్కుంటారు. పెద్ద బంకులన్నింటిలో సూపర్ రకం కింద అది దొరికింది. చిన్న ఊళ్ల బంకుల్లో రెండు చోట్ల లేదు. అందుకే టాంకు సగం కాగానే నింపుకోవడం మంచిది.

గిల్‌ఫర్డ్ దాటాక హాగ్స్ బ్యాక్ అనే గుట్ట మీదుగా పెద్ద రోడ్డు ఉంది. దాని మీద వెళ్లొద్దు. రెండు వరుసల్లో లారీలు దూసుకుపోతుంటే అరటన్ను కూడా లేని కారు గాలికే ఊగుతుంది. గుట్టకు దక్షిణంగా పట్టెన్‌హామ్, సీల్ అనే ఊళ్ల మీదుగా సన్నటి దారి ఉంది. చెట్లు పైన కలుసుకునే ఆ దారిలో రెండో గేరులో ఇంజన్ చప్పుడు వింటూ పోవడం కోసమే ఇలాంటి కారు ఉంచుకోవాలి. గేరు తగ్గించేటప్పుడు క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో యాక్సిలరేటర్ కాస్త అందించి, గేరు పళ్లు చప్పుడు లేకుండా కలిసిన క్షణం ఉంటుంది చూడండి, దానికోసం ఎంత దూరమైనా పోవచ్చు.

ఆల్టన్ ఇంకా కొద్ది దూరం ఉందనగా తమ్ముడు, "అక్కా, పెట్రోలు వాసన గుప్పుమంటోంది" అన్నాడు. అప్పటికే ఇంజన్ మూలుగుతోంది, వెనక నల్లటి పొగ. పక్కకు ఆపి మొదట పెట్రోలు కుళాయి కట్టేశాను. ఈ కారులో టాంకు ఇంజన్ వెనకే, మన మోకాళ్లకు పైన ఉంటుంది. పంపు లేదు, పెట్రోలు తన బరువుతోనే కిందికి దిగుతుంది. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లో ఫ్లోటు అనే బోలు డబ్బీ పెట్రోలు మీద తేలుతూ, దారి మూసే సూదిని నెడుతుంది. అది మునిగితే సూది మూసుకోదు, కుళాయి కట్టేదాకా పెట్రోలు కారుతూనే ఉంటుంది. వేడెక్కిన ఎగ్జాస్ట్ గొట్టం అక్కడికి కొద్ది అంగుళాల దూరంలోనే ఉంటుంది. మంటలార్పే సిలిండరు సీటు కింద ఉంటే చాలదు, చేతికందేలా ఉండాలి. మాది తలుపు పక్కనే బిగించి ఉంది.

రోడ్డు మీద సాయం చేసే సంస్థకు ఫోను చేశాం. పేరు రాయను. ఫోనులో మాట్లాడిన అమ్మాయి దగ్గరున్న జాబితాలో మా కారు లేదు. ఏ సంవత్సరం అని మూడుసార్లు అడిగింది. చదునైన వేదిక ఉన్న బండినే పంపమని చెప్పినా, ముందు చక్రాలు ఎత్తి ఈడ్చుకుపోయే బండి వచ్చింది, అదీ గంటన్నర తర్వాత. డ్రైవరు మాత్రం మంచివాడు. గొలుసు తీసుకెళ్లి ముందు ఇరుసును వెనక్కి పట్టి ఉంచే సన్నటి కడ్డీలకు తగిలించబోతే ఆపాను. అవి వంగితే కారు తిన్నగా నడవదు. ఇరుసు దిమ్మకే, స్ప్రింగుకు దగ్గరగా, గుడ్డ పట్టీలు చుట్టమన్నాను. అతను విసుక్కోకుండా నేల మీద పడుకుని నేను చూపిన చోటే కట్టాడు. ఆ సంస్థను ఎంచుకునేవాళ్లకు నా మాట: ఒప్పందంలోనే చదునైన బండి అని రాయించుకోండి. కారు కింద ఎక్కడ పట్టుకోవాలో బొమ్మ గీసి అద్దం దగ్గర పెట్టుకోండి. మేము వచ్చాక ఆ పని చేశాం.

అతనే మమ్మల్ని పక్క పల్లెలోని ఒక గ్యారేజీకి చేర్చాడు. ఈ ప్రయాణంలో అన్నిటికంటే విలువైన గంట అక్కడ గడిచింది. డెబ్బై ఏళ్లు దాటిన మెకానిక్. మాటలు తక్కువ. కార్బురేటర్ గిన్నె విప్పి, ఇత్తడి ఫ్లోటును తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. నాకూ ఇచ్చాడు. లోపల పెట్రోలు సన్నగా కదులుతున్న చప్పుడు. కెటిల్లో కాచిన నీళ్లు ఒక గిన్నెలో పోసి, మంటకు దూరంగా ఆరుబయట పెట్టి, ఫ్లోటును చెంచాతో ముంచి పట్టుకున్నాడు. అతుకు వెంట ఒకచోట నుంచి సూదిమొనంత బుడగలు వరసగా లేచాయి. లోపలి పెట్రోలు వేడికి ఆవిరై అదే కంతలోంచి బయటికి పోతుంది. నీళ్లు మార్చి మార్చి, బుడగలు పూర్తిగా ఆగేదాకా అలాగే పట్టుకున్నాడు. తొందరపడి పెట్రోలు ఉన్న ఫ్లోటుకు టంకం వేడి తగిలిస్తే పేలుతుంది.

ఆరిన తర్వాత చిన్న త్రాసు మీద తూచి, బరువు కాగితం మీద రాశాడు. టంకం ఇనుముతో కంత మీద ఒక్క చుక్క పెట్టాడు. మళ్లీ తూచాడు. ఎక్కువైనంత మేరకు ఆకురాయితో గీకి, మళ్లీ తూచాడు. "బరువెక్కితే ఇది కాస్త ఆలస్యంగా తేలుతుంది. గిన్నెలో మట్టం పెరుగుతుంది. నువ్వేమో ఇంజన్ ఎందుకు మసి కక్కుతోందని ఏడాదంతా వెతుకుతావు" అన్నాడు. నేను చాలా పుస్తకాలు చదివాను. ఈ చిన్న సంగతి నాకు తెలియదు. వెళ్లేముందు ఆ కాగితం నా చేతికిచ్చి, ఈ అతుకు మీద ఎక్కువ కాలం ఆధారపడవద్దు, బ్యూలీలో ఇంకొకటి దొరుకుతుంది, తూచి కొనుక్కో అని చెప్పాడు.

రాత్రి బస ఒక రైతు ఇంట్లో. పడక ఎత్తుపల్లాలుగా ఉంది, స్నానానికి నీళ్లు సన్నగా వచ్చాయి. అయినా మళ్లీ అక్కడే దిగుతాను. కారును పొడి గడ్డి దాచే కొట్టంలో పెట్టనిచ్చారు. నేల మట్టం, కప్పు గట్టిది, గాలి ఆడుతుంది. గాలి ఆడని ప్లాస్టిక్ పట్టా కప్పడం కంటే ఇలాంటి కొట్టం వందరెట్లు నయం. పట్టా కింద తేమ చేరి రాత్రికి రాత్రే మెరుగు రేకుల మీద నీళ్లు పట్టిస్తుంది. ఒకే భయం ఎలుకలు. పాత వైర్లకు చుట్టిన నూలు తొడుగంటే వాటికి ఇష్టం. బ్యాటరీ కనెక్షన్ తీసేసి, బానెట్ తెరిచి ఉంచి పడుకున్నాం. చీకటిగా, వెచ్చగా ఉన్న చోటే అవి దూరతాయి.

శనివారం న్యూ ఫారెస్ట్‌లో ప్రవేశించాక కంచెల్లేని రోడ్ల మీద గుర్రాలు, ఆవులు ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంటాయి. అక్కడ వేగం హద్దు గంటకు 64 కిలోమీటర్లు. మొదటిసారి మా వెనక ఎవరూ హారన్ కొట్టలేదు.

బ్యూలీ ఆటోజంబుల్ 1967 నుంచి సెప్టెంబరులో జరుగుతోంది. పాత కార్ల విడిభాగాల సంత. పొలంలో వరసల కొద్దీ బల్లలు, వాటి కింద తుప్పు పెట్టెలు. తొందరపడేవాళ్లకు ఇది చోటు కాదు. నేను పెట్టుకున్న నియమం ఒకటే: లోహం, గాజు ఇక్కడ కొంటాను; రబ్బరు, కరెంటు మోసే భాగాలు కొనను. డబ్బా విప్పనిదే కదా అని యాభై ఏళ్ల నాటి బ్రేకు గొట్టమో, కండెన్సరో కొంటే మోసపోతాం. రబ్బరు డబ్బాలో ఉన్నా గట్టిపడి పగులుతుంది. పాత కండెన్సరు లోపలి కాగితం తేమ పీల్చుకుని ఉంటుంది. టైర్ల సంగతీ అంతే. గాడి ఎంత లోతున్నా వయసు చూసి మార్చాల్సిందే.

నాలుగో వరసలో ఒక పెద్దాయన దగ్గర రేకు డబ్బా నిండా ఇత్తడి ఫ్లోటులు కనిపించాయి. మా జెనిత్ కార్బురేటర్‌కు సరిపడేవి మూడు. ఒకదాన్ని ఊపితే చప్పుడు. ఒకదాని మీద అప్పటికే రెండు టంకం మచ్చలు. మూడోదాన్ని ఫ్లాస్కులోని వేడినీళ్లలో ముంచి నిమిషం పట్టుకున్నాను. ఒక్క బుడగ లేవలేదు. ఆయన తన త్రాసు ఇచ్చాడు. కాగితం మీద ఉన్న బరువుకు వెంట్రుకవాసి తేడా.

రాత్రి పొలంలోనే గుడారం. దిగే చోటుగా చెప్పాలంటే కారుకు ఇది మంచిది కాదు. తెల్లవారేసరికి గుడ్డ పైకప్పు మంచుతో తడిసి బరువెక్కింది. తడి మీద మడిస్తే బూజు పట్టి కుట్లు కుళ్లుతాయి కనుక ఎండ వచ్చేదాకా ఆగాం. ఆ ఖాళీలో బ్యూలీలోనే ఉన్న నేషనల్ మోటార్ మ్యూజియం చూశాం. 1952లో బ్యూలీ ఎస్టేట్ యజమాని లార్డ్ మాంటేగు తన తండ్రి జ్ఞాపకార్థం అయిదు కార్లతో మొదలుపెట్టినది. వెలుతురు తక్కువ, గాలి పొడి, వివరాలు చక్కగా రాసి ఉన్నాయి. చరిత్ర తెలుసుకోవాలంటే బ్రూక్లాండ్స్ కంటే ఇదే మేలు. కానీ 1927లో మొదటిసారి గంటకు 200 మైళ్లు దాటిన సన్‌బీమ్ కారు కథ చదివినప్పుడు నా గుండె బరువెక్కింది. దశాబ్దాల పాటు కదలకుండా నిలబడ్డ ఆ కారు ఇంజన్లను శతాబ్ది నాటికి మళ్లీ నడిపించాలని విప్పి బాగుచేసే పని పెట్టుకున్నారు. ఎంత శ్రద్ధగా తుడిచినా, తిరగని ఇంజన్ లోపల తుప్పు పడుతుంది. నెలకు ఒకసారి కారును పూర్తిగా వేడెక్కేదాకా, కనీసం అరగంట నడపాలని నేను అందరికీ చెప్పేది అందుకే. షెడ్డులోనే అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే మరీ చేటు. లోపల పట్టిన నీటి ఆవిరి ఆరక ఆయిల్లో కలుస్తుంది.

మధ్యాహ్నానికి పైకప్పు ఆరింది. పొలంలోనే కొత్త ఫ్లోటు బిగించాం. తమ్ముడు కార్బురేటర్ కింద తెల్లటి గుడ్డ పరిచాడు. కుళాయి తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, ఇద్దరం పక్కన మోకాళ్ల మీద కూర్చుని అయిదు నిమిషాలు చూశాం. గుడ్డ పొడిగానే ఉంది. ఆరు వోల్టుల దీపాలతో చీకట్లో నడపడం ఇష్టం లేదు కనుక, వెంటనే బయలుదేరాం.